పెద్దపేగుకి అర్జంటుగా ఆపరేషన్ అన్నారా? సంతకం పెట్టేలోపు తెలుసుకోవాల్సినవి

ఈ కేసులు ఎక్కువగా రాత్రి పూటే వస్తాయి, దాదాపు ఒకేలా మొదలవుతాయి. మూడు రోజులుగా మోషన్ లేదు, గ్యాస్ కూడా పోవట్లేదు, కడుపు డోలులా బిగిసింది, స్కాన్ తీశారు. కాసేపటికి డాక్టర్ బయటికొచ్చి "పెద్దపేగు మూసుకుపోయింది, ఇప్పుడే ఆపరేషన్ చేయాలి, బయట బ్యాగు పెట్టాల్సి రావచ్చు" అని చెప్పి ఒక ఫారం చేతిలో పెడతారు. అక్కడ నిలబడ్డ మనిషికి "బ్యాగు" అన్న ఒక్క మాటే వినపడుతుంది, మిగతాదంతా చెవుల పక్కనుంచి పోతుంది. బ్యాగు అంటే, పేగు కొసని కడుపుమీదకి తెచ్చి, మలం పడటానికి అక్కడ అంటించే సంచి. సర్జరీ డ్యూటీల్లో ఆ ఫారం ఇచ్చే వైపు చాలాసార్లు నిలబడ్డాను, అందుకే తీసుకునే వైపు ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీరు ఇప్పుడు థియేటర్ బయటే కూర్చుని ఫోన్లో చదువుతున్నట్టయితే మొదటి రెండు భాగాలు చూసి, నేరుగా ప్రశ్నల దగ్గరికి వెళ్ళిపోండి. మిగతాది రేపు చదవచ్చు.

మొదట: ఏమైంది, ఏ పక్క?

డాక్టర్‌ని ముందు ఈ రెండూ అడగండి. పేగు మూసుకుపోయిందా, చిల్లు పడిందా, మెలిపడిందా, రక్తం కారుతోందా, రక్తసరఫరా ఆగి నల్లబడుతోందా? కుడిపక్కా, ఎడమపక్కా? ఈ రెండు జవాబులు దొరికితే ఏ ఆపరేషన్ చేస్తారో ముప్పాతిక వంతు తెలిసిపోయినట్టే.

ఎంత తొందర అన్నది కూడా దీన్నిబట్టే ఉంటుంది. చిల్లు పడి మలం కడుపులోకి చేరితే లెక్క గంటల్లోనే. మూసుకుపోవడం అయితే కొన్నిసార్లు ఒకటి రెండు రోజుల వెసులుబాటు ఉంటుంది, ఆ లోపు సెలైన్లు పెట్టి మనిషిని నిలబెట్టొచ్చు, ఇతర దారులు ఆలోచించొచ్చు. కానీ ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పేగుని మూసేసిన గడ్డ ఎడమపక్క ఉన్నా పగిలే ప్రమాదం కుడిపక్క మొదట్లో, సీకమ్ అనే భాగానికి ఎక్కువ. బెలూన్ ఊదినప్పుడు బాగా వెడల్పైన చోటే రబ్బరు ఎక్కువ సాగుతుంది కదా, ఇదీ అంతే, పెద్దపేగులో అన్నింటికన్నా వెడల్పైన చోటు అదే. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఒక కవాటం ఉంటుంది, అది గట్టిగా మూసుకునే రకమైతే గాలి వెనక్కి కూడా పోలేదు, రెండు పక్కలా కట్టేసిన సంచిలా అవుతుంది. సీకమ్ 9 సెంటీమీటర్లు దాటితే ఉబ్బింది అంటారు. 12 దగ్గరికి వచ్చిందంటే సర్జన్ ఇక ఎవరికోసమూ ఆగరు. అందుకే స్కాన్ రిపోర్టులో ఆ అంకె ఎంతో అడగండి, అడిగితే తప్పకుండా చెప్తారు.

ఇంకో మాట. ఉబ్బిన ప్రతి పెద్దపేగుకీ కత్తి అక్కర్లేదు. లోపల ఏ అడ్డూ లేకుండానే పేగు కదలిక ఆగిపోయి ఉబ్బే జబ్బు ఒకటుంది, 1948లో దాన్ని వర్ణించిన సర్జన్ పేరు మీద ఓగిల్వీ సిండ్రోమ్ అంటారు. వేరే ఆపరేషన్ అయి మంచంమీద ఉన్న పెద్దవాళ్ళలో ఎక్కువ కనిపిస్తుంది. కారణాలు సరిచేస్తే, లేదా గుండెని మానిటర్‌మీద చూస్తూ నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ ఇస్తే చాలామందికి తగ్గిపోతుంది. అడ్డు నిజంగా ఉందని సీటీలో తేలాకే ఆపరేషన్ మాట ఎత్తుతారు. సీటీ తీయకుండా ఉత్త ఎక్స్‌రే చూసి ఆపరేషన్ అంటే, ఎందుకు తీయలేదని మర్యాదగానే అడగొచ్చు. చిల్లు ఖాయమని తెలిసి, మనిషి కుప్పకూలుతుంటే మాత్రం స్కాన్ కోసం ఆగకపోవడమే సరి.

రెండోది: థియేటర్‌కి వెళ్ళేలోపు మీరు చేయగలిగే పని

డాక్టర్లు వాళ్ళ పని వాళ్ళు చేస్తుంటారు: సెలైన్, యాంటీబయాటిక్, ముక్కులోంచి రైల్స్ ట్యూబు, యూరిన్ పైపు, రక్తం గ్రూపు. ముక్కు గొట్టం అందరికీ చిరాకే, లాగేసుకుంటారు కూడా. కానీ మత్తు ఇచ్చేటప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపాడేది అదే, కాబట్టి పక్కన కూర్చుని చేయి పట్టుకోండి.

మీ వంతుగా ఒక కాగితం మీద ఇవి రాసివ్వండి. రోజూ వేసుకునే మందులు, ముఖ్యంగా రక్తం పల్చబడే మాత్రలు, స్టెరాయిడ్లు, షుగర్ మాత్రలు, వాటిలో ఏది చివరిసారి ఎప్పుడు వేసుకున్నారో. పడని మందులు. ఇంతకుముందు కడుపుకి జరిగిన ఆపరేషన్లు. గుండెలో స్టెంట్ గానీ పేస్‌మేకర్ గానీ ఉంటే ఆ సంగతి. చివరిసారి ఏదైనా నోట్లో పెట్టుకున్న టైము. సిగరెట్, మందు అలవాటుంటే దాచకండి, మత్తు డాక్టర్ తీర్పు చెప్పడానికి అడగరు, డోసు లెక్క కోసం, తర్వాతి రోజుల్లో వచ్చే వణుకు కోసం అడుగుతారు. ఇక మోషన్ అవ్వట్లేదని ఇంట్లో ఉన్న విరేచనాల మందు పట్టించకండి. మూసుకున్న పేగుకి అది వెనకనుంచి తోపుడు లాంటిది.

బ్యాగు వచ్చే అవకాశం ఉంటే ఇంకో చిన్న పని చేయించుకోండి, హడావిడిలో చాలాచోట్ల మర్చిపోతారు. అదే చోటు గుర్తుపెట్టడం. పేషెంట్‌ని మంచంమీద లేపి కూర్చోబెట్టి, వీలైతే నిలబెట్టి, కొంచెం ముందుకు వంగమని చెప్పి, కడుపుమీద మడతలు ఎక్కడ పడుతున్నాయో చూసి, మడతకి, బొడ్డుకి, తుంటి ఎముకకి, నడుం దగ్గర బట్ట కట్టుకునే చోటికి దూరంగా, తనకి తలవంచితే కనపడే చోట మార్కర్‌తో గుర్తు పెడతారు. రెండు నిమిషాల పని. నాకు బాగా గుర్తున్న ఒకావిడ, నొప్పితో మెలికలు తిరుగుతూనే పెన్ను నా చేతిలోంచి తీసుకుని, "ఇక్కడ కాదు బాబూ, ఇక్కడ మడత పడుద్ది" అని రెండంగుళాలు పైకి తనే చుక్క పెట్టుకుంది. ఆవిడ బ్యాగు ఒక్కసారి కూడా లీక్ అవ్వలేదు. పడుకోబెట్టి అందాజుగా పెట్టిన చోట్లు మాత్రం కూర్చోగానే మడతలోకి పోయి, నెలల తరబడి చర్మం ఒరిపిడిపెట్టి ఏడిపిస్తాయి.

మూడోది: ఏమేం చేయొచ్చు

ఇది కాస్త పెద్ద భాగం. చెడిన పేగు ముక్క కోసి తీసేయడం ఒక సర్జన్‌కి అంత కష్టమైన నిర్ణయం కాదు. మిగిలిన రెండు కొసల్ని ఇప్పుడే అతకాలా, ఒక కొస బయటికి పెట్టి తర్వాత అతకాలా అన్నది కష్టం. అతుకు అంటుకోవాలంటే రెండు కొసలకీ రక్తం బాగా అందాలి, లాగుడు ఉండకూడదు, చుట్టూ మలం, చీము ఉండకూడదు, మనిషికి బీపీ నిలబడాలి, ఒంట్లో మాంసకృత్తులు ఉండాలి. అర్జంటు కేసులో ఇందులో ఒకటో రెండో తప్పకుండా లోపిస్తాయి. కోసిన కొస నుంచి ఎర్రటి రక్తం చిమ్ముతుందా, నల్లగా ఊరుతుందా అని టేబుల్ దగ్గర అందరూ ఊపిరి బిగబట్టి చూసే క్షణం ఒకటుంటుంది. మీకు బయట చెప్పిన ప్లాన్ లోపల మారిందంటే చాలాసార్లు అక్కడే మారి ఉంటుంది.

కుడిపక్క అయితే కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. కుడి సగం తీసేసి చిన్నపేగుని మిగిలిన పెద్దపేగుకి అతుకుతారు, రైట్ హెమీకొలెక్టమీ అంటారు. చిన్నపేగుకి రక్తసరఫరా దండిగా ఉంటుంది, అందుకే అర్జంటులో కూడా ఎక్కువమందికి ఒకేసారి అతికేస్తారు. మనిషి మరీ నీరసించి ఉంటేనో, లోపల అంతా మలం పాకి ఉంటేనో చిన్నపేగు కొసని బయటపెడతారు.

ఎడమపక్క అయితేనే వాదనలు. చాలామంది వినేది హార్ట్‌మన్ ఆపరేషన్ అని. ఫ్రెంచి సర్జన్ ఆన్రీ హార్ట్‌మన్ 1921లో చెప్పిన పద్ధతి, వందేళ్ళు దాటినా ఇంకా వాడుతున్నారంటే దానికి కారణం ఉంది. చెడిన ముక్క తీస్తారు, కింది కొసని కుట్టేసి లోపలే వదిలేస్తారు, పై కొసని ఎడమపక్క కడుపుమీదకి తెచ్చి కొలాస్టమీ చేస్తారు. అతుకే లేదు కాబట్టి అతుకు లీక్ అయ్యే భయం లేదు. బీపీ పడిపోయి, మందులతో నిలబెడుతున్న మనిషికి ఇది ప్రాణం కాపాడే దారి, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. కానీ దీని ఖరీదు తర్వాత తెలుస్తుంది. మళ్ళీ కలపడానికి ఇంకో పెద్ద ఆపరేషన్ కావాలి, అది అంత తేలిక కాదు, మూడింట ఒక వంతు మందికైనా అది జరగనే జరగదు. "తాత్కాలికం" అన్న మాటని ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి.

రెండో దారి, ముక్క తీసేసి అప్పుడే అతికేసి, ఆ అతుకుకి విశ్రాంతి ఇవ్వడానికి పైన చిన్నపేగు మెలికని కుడిపక్క తాత్కాలికంగా బయటపెట్టడం. దీన్ని లూప్ ఇలియాస్టమీ అంటారు. దీనికీ బ్యాగే, కానీ దీన్ని మూసేయడం చాలా చిన్న ఆపరేషన్, పెద్ద కోత మళ్ళీ తెరవక్కర్లేదు. ఎడమపక్క సంచుల్లాంటి బుడిపెలు వాచి చిల్లుపడ్డవాళ్ళ మీద, అంటే డైవర్టిక్యులైటిస్ కేసుల మీద, బెల్జియం, ఇటలీ, నెదర్లాండ్స్‌లలో జరిగి 2019లో వచ్చిన ట్రయల్‌లో ఈ రెండు దారుల్నీ పోల్చారు. ఏడాది తిరిగేసరికి బ్యాగు లేకుండా బతికున్నవాళ్ళు అతికిన వైపు సుమారు 95 శాతం, హార్ట్‌మన్ వైపు 72 శాతం. అయితే అందులో చేర్చుకున్నది బీపీ నిలకడగా ఉన్నవాళ్ళనే. ఈ షరతు వదిలేసి అంకె ఒక్కటే పట్టుకుని డాక్టర్‌తో పోట్లాడితే నష్టపోయేది పేషెంటే.

ఎడమపక్క మూసుకుని, వెనకాల కుడిపక్క కూడా చిట్లిపోయి ఉంటే దాదాపు పెద్దపేగంతా తీసేసి చిన్నపేగుని కింద మిగిలిన దానికి అతుకుతారు. సబ్‌టోటల్ కొలెక్టమీ. ఒక్క ఆపరేషన్‌తో పని అయిపోతుంది, కాకపోతే రోజుకి చాలాసార్లు మోషన్‌కి వెళ్ళాల్సి వస్తుంది. వయసు పైబడి, మోషన్ ఆపుకునే పట్టు తగ్గిన వాళ్ళకి ఇది బ్యాగు కన్నా ఇబ్బందిగా మారొచ్చు, ఈ మాట ముందే అడగండి.

గడ్డ వల్ల మూసుకుని, చిల్లు లేకుండా ఉంటే, ఎండోస్కోపీతో, అంటే కిందనుంచి కెమెరా గొట్టం పంపి, లోపలినుంచి లోహపు జాలీ గొట్టం, అంటే స్టెంట్ వేసి దారి తెరవొచ్చు. సుమారు రెండు వారాల్లో మనిషి కోలుకున్నాక పద్ధతిగా, తీరిగ్గా ఆపరేషన్ చేస్తారు, అప్పుడు ఒకేసారి అతికే అవకాశం పెరుగుతుంది. కుదిరితే చాలా బావుంటుంది. కానీ స్టెంట్ వేస్తుండగా చిల్లు పడితే, నయమయ్యే దశలో ఉన్న క్యాన్సర్ కణాలు కడుపులోకి చేరే ప్రమాదం ఉంది, అందుకే చేయి తిరిగిన ఎండోస్కోపీ డాక్టర్ ఉన్నచోటే దీన్ని తలపెట్టాలి. ఎండోస్కోపీ వాళ్ళే లేని చోట పెద్దపేగులో ఒక వంపుని బయటపెట్టి గాలి వదిలించే లూప్ కొలాస్టమీ కూడా అదే పని చేస్తుంది.

పేగు మెలిపడితే, ముఖ్యంగా ఎడమపక్క చివర్లో ఉండే సిగ్మాయిడ్ భాగం మెలిపడితే, పేగు నల్లబడనంత వరకు మొదటి పని ఎండోస్కోపీ. గొట్టం మెలిక దాటగానే గాలి, నీళ్ళ మోషన్ ఒక్కసారిగా బయటికొస్తాయి, చుట్టుపక్కల ఉన్న అందరి బట్టలూ మార్చుకోవాల్సిందే, పేషెంట్ మాత్రం అప్పటిదాకా మొహంలో లేని నవ్వు నవ్వుతాడు. అక్కడితో అయిపోయిందని ఇంటికెళ్ళిపోవద్దు. మళ్ళీ మెలిపడటం చాలా ఎక్కువ, అదే అడ్మిషన్‌లో ఆ ముక్క తీయించుకోవడం మంచిది.

డైవర్టిక్యులైటిస్‌లో ఉత్త చీముగడ్డ అయితే స్కాన్ చూస్తూ సూది గొట్టంతో తీసేసి చాలామందిని ఆపరేషన్ లేకుండానే గట్టెక్కిస్తారు. చీము కడుపంతా పాకితే లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి, కడిగి వదిలేసే పద్ధతి కొన్నాళ్ళు బాగా నడిచింది, తర్వాతి ట్రయల్స్‌లో మళ్ళీ ఆపరేషన్‌కి వెళ్ళాల్సి వచ్చిన వాళ్ళు ఎక్కువ తేలడంతో ఉత్సాహం తగ్గింది. మలమే పాకితే కడగడం సరిపోదు, ముక్క తీయాల్సిందే.

పెద్దపేగు పుండ్ల జబ్బు ముదిరి పేగు 6 సెంటీమీటర్లు దాటి ఉబ్బి, జ్వరం, గుండెదడతో మనిషి విషమిస్తే దాదాపు పెద్దపేగంతా తీసి చిన్నపేగు కొస బయటపెడతారు, అతకడం ఆ రోజు ఎవరూ తలపెట్టరు. రక్తస్రావానికి ఆపరేషన్ చివరి మెట్టు. ముందు కొలనోస్కోపీతోనో, సీటీ యాంజియోతో కారే చోటు పట్టుకుని ఆ రక్తనాళాన్ని మూసేయడంతోనో చూస్తారు.

మరీ కుప్పకూలిన మనిషికి అసలు ఏదీ పూర్తిచేయరు. చచ్చిన ముక్క తీసి, కొసలు స్టేపుల్ చేసి, కడుపు మూయకుండానే వాక్యూమ్ డ్రెస్సింగ్ వేసి ఐసీయూకి పంపి, 24 నుంచి 48 గంటల్లో మళ్ళీ లోపలికి తీసుకెళ్తారు. "కడుపు తెరిచి వదిలేశారు" అని బంధువులు గొడవకి దిగేది ఇక్కడే. నిజానికి అలా వదలడం పద్ధతి ప్రకారం చేసిందే.

అతుకు విషయంలో పాతతరం భయం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పి ముందుకెళ్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో పెద్దపేగుకి దెబ్బ తగిలిన సైనికులకి లోపల కుట్టడం మాని బయటపెట్టడమే నియమంగా ఉండేది. ఆ అలవాటు ఊళ్ళ ఆస్పత్రుల్లోకీ వచ్చి దశాబ్దాలు నిలిచింది. 1979లో అమెరికాలో స్టోన్, ఫేబియన్ అనే ఇద్దరు దెబ్బలు తగిలిన కేసుల మీద ట్రయల్ చేసి, సరైన కేసు ఎంచుకుంటే వెంటనే కుట్టేయడమూ సురక్షితమే అని చూపించాకే అది సడలడం మొదలైంది.

నాలుగోది: సంతకానికి ముందు అడగాల్సినవి

ఇంట్లో నిదానంగా వినగలిగే ఒక్కరే మాట్లాడండి. పదిమంది చుట్టూ మూగితే డాక్టర్ ఎవరికీ సరిగ్గా చెప్పరు.

"మీ మొదటి ప్లాన్ ఏంటి, లోపల పరిస్థితి బాగోకపోతే రెండో ప్లాన్ ఏంటి?" ఇది అన్నింటికన్నా ముఖ్యం. "అతుకుతారా? అతికితే దానికి పైన చిన్నపేగుతో తాత్కాలికంగా బ్యాగు, అదే ఇలియాస్టమీ పెడతారా?" "లోపలినుంచి దారి తెరిచే స్టెంట్‌కి అవకాశం ఉందా, లేకపోతే ఎందుకు లేదు?" "ప్రాణాపాయం ఎంత ఉంటుందని మీ అంచనా? ఆపరేషన్ తర్వాత ఐసీయూ మంచం ఉందా?" ఇక క్యాన్సర్ అనుమానం ఉంటే, "క్యాన్సర్ పద్ధతిలోనే రక్తనాళం మొదటినుంచి, లింఫ్ గ్రంథులతో సహా తీస్తారా?" అర్జంటులోనూ అది వీలైనంత చేయాలి, తర్వాత బయాప్సీలో కనీసం 12 గ్రంథులు చూస్తేనే దశ సరిగ్గా తేలుతుంది.

బాగా వయసుపైబడి, ముందే మంచాన పడ్డ మనిషి అయితే "మీ ఇంట్లోవాళ్ళకైతే చేయిస్తారా?" అని కూడా అడగండి. ఆపరేషన్ వద్దనుకుని నొప్పి లేకుండా చూసుకోవడమూ ఒక దారే. ఆ మాట ఎత్తినందుకు ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టకూడదు. పేషెంట్ తెలివిలో ఉంటే నిర్ణయం తనదే, మీది కాదు.

ఐదోది: మొదటి పది రోజులు

బ్యాగులోంచి కనపడే పేగు ఎర్రగా, తడిగా, పెదవి లోపలి రంగులో ఉండాలి. ముదురు ఊదా, నలుపు రంగుకి తిరిగితే గంట ఆగకుండా చెప్పండి. తుడిస్తే కాస్త రక్తం అంటడం మామూలే, దానికి నొప్పి తెలియదు కూడా. అతికినవాళ్ళకి ఐదో రోజు నుంచి ఏడో రోజు దాకా నాకు గుండె గుబగుబలాడుతూనే ఉంటుంది, లీక్ ఎక్కువగా బయటపడేది అప్పుడే. జ్వరం కన్నా ముందు నాడి పరుగెడుతుంది. నిన్న 84 ఉన్న నాడి ఇవాళ ఏ కారణం లేకుండా 115 ఉండి, మనిషి "ఏదో తేడాగా ఉంది" అంటే కొట్టిపారేయకండి, నర్సుని పిలవండి.

హార్ట్‌మన్ అయినవాళ్ళకి వెనకనుంచి అప్పుడప్పుడు జిగట పడుతుంది. లోపల మిగిలిన ముక్క తయారుచేసే జిగురు అది, కంగారు పడక్కర్లేదు. ఇది ముందే చెప్పకపోవడం వల్ల అర్ధరాత్రి పరుగెత్తుకొచ్చిన వాళ్ళని ఎంతమందినో చూశాను.

ఇలియాస్టమీ అయితే బ్యాగులో రోజుకి ఎంత వస్తోందో కొలిచి రాయండి. 1500 మిల్లీలీటర్లు దాటుతుంటే ఒంట్లో నీళ్ళు, ఉప్పు వేగంగా పోతున్నట్టు. ఉత్త మంచినీళ్ళు ఎక్కువ తాగితే ఉప్పు ఇంకా పోతుంది, ఓఆర్‌ఎస్ కలిపి తాగించి డాక్టర్‌కి చెప్పండి. బ్యాగు మార్చడం డిశ్చార్జికి ముందే పేషెంట్ చేతో, మీ చేతో రెండుసార్లైనా చేయించండి. బ్యాగు మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి. మొదటి ఆరేడు వారాలు పేగు మూతి చిన్నదవుతూ వస్తుంది, కాబట్టి మార్చిన ప్రతిసారీ కొలిచి, అంటించే బిళ్ళకి సరిగ్గా అంతే, ఓ రెండు మూడు మిల్లీమీటర్లు వదులుగా రంధ్రం కత్తిరించండి. పాత కొలతతో కత్తిరిస్తే మిగిలిన చర్మం మీద మలం పడి పుండవుతుంది.

ఆరోది: మళ్ళీ కలపడం

లూప్ ఇలియాస్టమీని ఎక్కువగా రెండు మూడు నెలల్లో మూసేస్తారు, కీమో ఉంటే వాయిదా పడొచ్చు. హార్ట్‌మన్ అయితే మూడు నుంచి ఆరు నెలలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ ఆగుతారు. మొదటిసారి అర్జంటులో మిగతా పేగు ఎవరూ లోపలినుంచి చూసి ఉండరు, కాబట్టి కలిపేలోపు బ్యాగు మూతిలోంచీ, కిందనుంచీ కొలనోస్కోపీ చేయించుకోవాలి, రెండో గడ్డ ఏదైనా ఉంటే అప్పుడే దొరుకుతుంది.

ఇంటికెళ్ళేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే తీసుకుని వచ్చేయకండి, ఆపరేషన్ నోట్స్ కాపీ కూడా అడిగి తీసుకోండి. కింది కొస ఎక్కడ కుట్టారు, గుర్తుకి దానికి రంగు దారం కట్టారా, ఎంత పేగు తీశారు అన్నది అందులో ఉంటుంది. ఆరు నెలల తర్వాత వేరే ఊళ్ళో, వేరే సర్జన్ కడుపు తెరిచి ఒకదానికొకటి అంటుకుపోయిన పేగుల మధ్య ఆ కొస కోసం వెతుకుతున్నప్పుడు ఆ ఒక్క కాగితం గంట పనిని పది నిమిషాలకి తెస్తుంది.